తెరల కింద పూసిన ఉల్లి

ఉస్తీన్య ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు ఉల్లిగడ్డలది. ఇటుక పొయ్యికి పైన, దూలానికి కొట్టిన మేకుల వరసకు, పాత మేజోళ్ళలో నింపిన విత్తనపు గడ్డలు వేలాడుతుండేవి. ఒక్కో మేజోడూ పాదం నుంచి తొడ దాకా నిండుగా ఉండేది. పొయ్యిని ఆనుకున్న పడక అరుగు ఉస్తీన్యది. కిటికీ సందులోంచి సరస్సు గాలి కొట్టే గోడవార మంచం ఆమె భర్త సవ్వాది.

"ఊళ్ళో మగాళ్ళు పడుకుని పైకి చూస్తే దూలాలు కనిపిస్తాయి. నాకు మాత్రం ఆడకాళ్ళు కనిపిస్తాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే బతుకు," అనేవాడు సవ్వా.

"చూసి ఊరుకో. ముట్టుకున్నావంటే ఒప్పుకోను," అనేది ఆమె.

మొదటి మంచు పడిన దగ్గర్నుంచి సరస్సు మీద మంచు విరిగేదాకా ఈ మాటలు అలాగే నడిచేవి. ఇద్దరికీ విసుగు పుట్టేది కాదు.

పెయ్‌పుస్ సరస్సు పడమటి ఒడ్డున ఆ ఊరు ఒక్కటే వీధి. వీధికి ఒక చివర ప్రార్థన ఇల్లు, రెండో చివర పడవల రేవు. చేపలు మగవాళ్ళ పని. ఉల్లి ఆడవాళ్ళ పని. నేల జిగటగా, చల్లగా ఉంటుంది కాబట్టి మడిని మోకాలెత్తున పోస్తారు. ఏటా వసంతంలో మట్టిని, సరస్సు నాచును, కొట్టంలోని ఎరువును పారతో ఎత్తి పోసి, పక్కలు నున్నగా చరిచి, గోడ కట్టినట్టు కడతారు. మడులన్నీ వీధికేసే ఉంటాయి. ఆదివారం ప్రార్థనకు నడిచే ఆడవాళ్ళు, తలగుడ్డ గడ్డం కింద పిన్నుతో బిగించుకుని, చేతిలో జపమాల తిప్పుకుంటూ, కళ్ళతో మాత్రం ఎవరి మడి ఎలా ఉందో చూసుకుంటూ పోతారు. ఇంటి లోపల ఎలా ఉన్నా క్షమిస్తారు. మడిని క్షమించరు.

ఉస్తీన్య ఉల్లి గూటి ఉల్లి. ఒక్క చిన్న గడ్డ నాటితే ఆగస్టుకల్లా నేలలో గూట్లో గుడ్లలా నాలుగైదు గడ్డలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి. పెద్దవాటిని జడలుగా అల్లి రోడ్డు పక్క మేకుకు తగిలిస్తే కార్లాపుకుని కొనుక్కుపోతారు. చిన్నవి మేజోళ్ళలోకి, పొయ్యి పైకి. మళ్ళీ మే నెలలో మడిలోకి. గింజతో పని లేదు. గడ్డ నుంచి గడ్డ, దాన్నుంచి మళ్ళీ గడ్డ.

అది ఆమె తల్లి వాసిలీసా ఇచ్చిన ఉల్లి. యుద్ధం ఏట, చలికాలం మధ్యలో సైనికులు ఊరు ఖాళీ చేయించినప్పుడు వాసిలీసా పక్కబట్టలు వదిలేసింది. దేవుడి పటాలు ఒక్కటి తప్ప అన్నీ పాతిపెట్టింది. విత్తనపు గడ్డలు మాత్రం గుడ్డ సంచుల్లో పోసి చొక్కా కింద ఒంటికి ఆనించి కట్టుకుంది. బండి వెనక మంచులో నడిచింది. పరాయి ఊళ్ళో పశువుల కొట్టంలో తలదాచుకున్నన్నాళ్ళూ వాటిని విప్పలేదు. చిన్నపిల్ల ఉస్తీన్య చలికి తల్లిని కావలించుకుంటే తల్లి గరుకుగా, గలగలమంటూ తగిలేది. ఉల్లిపొట్టు వాసన వేసేది. వసంతంలో తిరిగి వచ్చేసరికి ఇల్లు కాలిపోయి పొయ్యి ఒక్కటే నిలబడి ఉంది. వాసిలీసా ఆ రోజే మడి తవ్వింది.

అప్పట్లో వీధిలో చాలా ఇళ్ళలో ఇదే గడ్డ ఉండేది. తరవాత పట్నం దుకాణాల్లో సంచులకెత్తి అమ్మే విత్తనపు గడ్డలు వచ్చాయి. ఒక్కో గడ్డకు ఒకటే అయినా పిడికిలంత అవుతుంది. పొయ్యి మీద ఆరు నెలలు కాపలా కాయనక్కర్లేదు. ఒక్కో ఇల్లూ మారింది. ఎదురింటి మావ్రా కూడా మారింది. మావ్రా సవ్వాకు పెద్దక్క, భర్త పోయిన మనిషి, నాలుగు తేనెపెట్టెలు ఉన్నది. చివరికి గూటి ఉల్లి ఉస్తీన్య మేజోళ్ళలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆ సంగతి ఆమెకు గర్వంగా ఉండేది. ఒక్కచోటే మిగలడం భయపడాల్సిన సంగతని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఫిబ్రవరిలో పొయ్యి పగిలింది.

ముందు గదిలో పొగ వాసన వచ్చింది. తరవాత పొగే వచ్చింది. పొయ్యి మేస్త్రీ తెరెంతి వచ్చి, చెవి ఆనించి, వేలితో కొట్టి చూసి, పునాది దాకా విప్పి మళ్ళీ కట్టాలన్నాడు. ఉస్తీన్యకు అప్పటికే దగ్గు, జ్వరం. మావ్రా వచ్చి గొంగళి చుట్టి ఆమెను వీధి దాటించింది.

"నీ ఇల్లు మంచుగడ్డ అవుతుంది. నా దగ్గర పడుకో. నా వంట నచ్చకపోతే కళ్ళు మూసుకుని మింగు," అంది మావ్రా.

వీధి దాటుతూ ఉస్తీన్య మొగుడితో ఒక్క మాటే అనగలిగింది. "గడ్డల్ని వెచ్చగా ఉంచు."

సవ్వా మాట తప్పే మనిషి కాదు. అక్క ఇంట్లో ఉన్నది ఇనప పొయ్యి. సాయంత్రం ఎర్రగా కాలి, తెల్లారేసరికి చచ్చిపోతుంది. దాన్ని అతను నమ్మలేదు. పెరట్లో దుంగలతో కట్టిన ఆవిరి స్నానాల గది ఉంది. చిన్నది, తన చేత్తో కట్టుకున్నది, దుంగల సందుల్లో నాచు దట్టంగా కూరినది. మేజోళ్ళన్నీ అక్కడికి మోసి చిలక్కొయ్యలకు తగిలించాడు. రోజూ సాయంత్రం కాసిని కట్టెలు పెట్టి, బల్ల మీద వాటి పక్కన కూర్చుని, మేజోడు మీద అరచెయ్యి ఆనించి చూసుకునేవాడు. చంటిపిల్ల నుదురు చూసినట్టు చూసేవాడు.

కొత్త పొయ్యి ఆరాక, జ్వరం తగ్గాక, ఉస్తీన్య ఇంటికి వచ్చింది. ముందు పైకి చూసింది. మేకులు ఖాళీగా ఉన్నాయి.

"ఆవిరి గదిలో ఉన్నాయి," అన్నాడు సవ్వా. "రోజూ మంట పెట్టాను. గడ్డకట్టనివ్వలేదు."

"తెల్లారేసరికి ఎలా ఉండేది అక్కడ?"

"నేలమాళిగలా ఉండేది. చల్లగానే, కానీ నీళ్ళ తొట్టి మీద పొర కూడా కట్టలేదు. ఎంత జాగ్రత్తగా చూశానో అక్కనడుగు."

ఆమె పొయ్యి అరుగు మీద కూర్చుంది.

"నేలమాళిగలా," అంది. "గుమ్మం బయట వసారాలో పడేసినా బాగుండేది సవ్వా. కొన్ని చచ్చేవి, మిగతావి ఒళ్ళు తెలియకుండా పడుకునేవి. పొయ్యి మీదైతే ఇంకా ఎండాకాలమే అనుకుని పడుకుంటాయి. ఈ రెంటికీ మధ్య పెట్టకూడదు. నేలమాళిగ చలి తగిలితే చలికాలం వచ్చి వెళ్ళిపోయిందనుకుంటాయి. ఇక నాటగానే పూస్తాయి. అన్నీ."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"ముట్టుకోవద్దని చెప్పాను. అది చాలనుకున్నాను."

అతను వెళ్ళి మేజోళ్ళు తెచ్చాడు. ఆమె ఒక గడ్డ తీసి నిలువునా కోసింది. కోస్తే ఏమీ కనపడదు. తెల్లని పొరలు, మధ్యలో పచ్చని మొలక. అయినా ఆమెకు తెలుసు. ఉల్లి పూసిందంటే గడ్డ ఊరదు. మెడ కర్రలా లావెక్కుతుంది. అలాంటిది క్రిస్మస్ దాకా కూడా నిలవదు, పొయ్యి మీదే కుళ్ళుతుంది. ఈ ఏడు పోతే వచ్చే ఏడు నాటడానికి ఏమీ ఉండదు. ఒంటికి కట్టుకుని తెచ్చిన ఉల్లి, ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో ఇంతకాలం బతికిన ఉల్లి, ఒక మంచి మనిషి జాగ్రత్త వల్ల అయిపోతుంది.

సాయంత్రం మావ్రా వేడి ఉల్లి రొట్టె పట్టుకుని వచ్చింది. సంగతి విని, టీ కాగుతున్న సమోవార్ ముందు కూర్చుంది. పంచదార గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని టీ పీల్చింది.

"ఒరేయ్ సవ్వా, చిన్నప్పుడు పిచ్చుక పిల్లని ఇలాగే చొక్కా జేబులో పెట్టి పెంచావు. గుర్తుందా? ఏమైందది?"

"ఎందుకక్కా ఇప్పుడది."

"పోనీలే ఉస్తీన్యా. నేను పట్నం గడ్డలు తెప్పిస్తున్నాను. నీకూ ఒక సంచి చెబుతాను. ఉల్లి ఉల్లే."

"కాదు వదినా," అంది ఉస్తీన్య. "ఉల్లి ఉల్లే అయితే మా అమ్మ దుప్పటి తెచ్చుకునేది."

మావ్రా టీ సాసరు కింద పెట్టింది. రొట్టె ఇంకో ముక్క కోసింది.

సరస్సు మీద మంచు ఏప్రిల్‌లో విరిగింది. ఒడ్డుకు కొట్టుకొచ్చి, గాజు పెంకుల్లా గుట్టపడి, నెమ్మదిగా నీరైంది. ఉస్తీన్య పార తీసింది. ఆమెకు అరవై దాటాయి కానీ పార పట్టుకుంటే వెనక నుంచి చూసేవాళ్ళు వయసు చెప్పలేరు. మంచు కింద చలికాలం గడిపిన వెల్లుల్లి మీంచి రెల్లు తీసింది. పచ్చని ముక్కులు బయటికొచ్చి ఉన్నాయి. వేడి ఎరువు పోసిన మడిలో దోస గింజలు పెట్టి పాత కిటికీ అద్దం కప్పింది. పెద్ద గింజల చిక్కుళ్ళు, నల్ల ముల్లంగి, పళ్ళెంలా పరుచుకునే పసుపు టర్నిప్. అన్నీ ఇంటి గింజలే, నిరుడు ఆమె చేత్తో ఏరి ఎండబెట్టినవే. ఆ పనులన్నీ అయ్యాక, పొరుగువాళ్ళు చూస్తుండగానే, ఆవిరి గదిలో చెడిన గడ్డలన్నీ తెచ్చి ఉల్లి మడిలో నాటింది.

"నాటుతోంది చూడు," అన్నారు వీధిలో.

జూన్ మధ్యకు బాణాలు లేచాయి. పూత కాడను ఆ ఊళ్ళో బాణం అంటారు. బోలుగా, లావుగా, కొనకు తెల్లని మొగ్గతో నిటారుగా వస్తుంది. బాణం కనపడగానే తెల్లవారకముందే వెళ్ళి విరిచేస్తారు. లేతవైతే గుడ్డు కొట్టి వేపుకుంటారు. ఆదివారానికి మడిలో ఒక్క బాణం ఉన్నా ఆ ఇంటి ఆడది బద్ధకస్తురాలని అర్థం. ఉస్తీన్య మడిలో ఒకటి కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు బాణాలే. ఆమె ఒక్కటీ విరవలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు కంచె దగ్గర ఆగారు.

"ఉస్తీన్యా, మడి వేశావా, యుద్ధానికి సైన్యాన్ని నిలబెట్టావా?"

"సైన్యమే. జీతం అడగని సైన్యం."

"విరవవేం? మోకాళ్ళు వంగడం లేదా?"

"వంగుతున్నాయి. ఇందాక ప్రార్థనలో నీ పక్కనే కదా వంగాను. నువ్వే లేవలేక నా భుజం పట్టుకున్నావు."

వాళ్ళు నవ్వుతూ వెళ్ళిపోయారు. మావ్రా మాత్రం ఆగింది. గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. ఏం చేస్తున్నావు?"

"పూయనిస్తున్నాను. గడ్డ దక్కదు. గింజ పట్టుకుంటాను."

"గింజా! మీ అమ్మ దాన్ని ఒక్కనాడూ పూయనివ్వలేదే."

"అమ్మకి ఆ అవసరం రాలేదు. నాకొచ్చింది."

"అసలు గింజ కడుతుందో లేదో తెలుసా?"

"తెలీదు. చిక్కుడు కడుతుంది, ముల్లంగి కడుతుంది. ఇది మాత్రం ఏ దేవుడికి మొక్కుకుని మానేస్తుంది వదినా?"

మావ్రా మడి కేసి చూసింది. ఆమె చిన్నప్పటి నుంచి పెరటి మనిషే. తరవాతి చిక్కు ఆమెకే ముందు తట్టింది.

"నా మడిలోనూ బాణాలు లేచాయి. ఈ వసంతం చలికి పట్నం గడ్డలూ బెదిరి పూతకొచ్చాయి. రోజూ విరుస్తున్నానులే. కానీ రేవు దగ్గర ఎండాకాలం ఇంటివాళ్ళున్నారే, తార్తు పట్నం నుంచి వచ్చేవాళ్ళు, వాళ్ళవీ లేచాయి. వాళ్ళు విరవరు. తెల్లని బంతులు బాగుంటాయని కోసి గ్లాసుల్లో పెట్టుకుంటారు. ఇక నా తేనెటీగలు ఇక్కడా వాలతాయి, అక్కడా వాలతాయి. నీ గింజలో సగం పట్నం ఉల్లే ఉంటుంది."

"నీ ఈగలకి చెప్పు వదినా, మా ఇంటికి రావద్దని."

"నా మాట నా కోళ్ళే వినవు."

ఉస్తీన్య రేవు దగ్గర ఇంటికీ వెళ్ళింది. వాళ్ళు మంచివాళ్ళు. కాఫీ ఇచ్చారు. బాణాల్లో కొన్ని విరిచారు కూడా. కానీ వారం మధ్యలో పట్నం వెళ్ళిపోతారు, వచ్చేసరికి కొత్తవి లేస్తాయి. ఆమె వాళ్ళను తప్పుపట్టలేదు. ఇంటికి వచ్చి మడి చుట్టూ ఒకసారి తిరిగింది. గట్టివి, పొట్టి మెడవి, ఒకే కుదురులో ఎక్కువ కాడలు తోసుకొచ్చినవి చూసి, ఒక వరస ఉంచింది. మిగతా బాణాలన్నీ ఆ సాయంత్రమే విరిచేసింది. ఆ రాత్రి భోజనానికి సవ్వా బాణాల వేపుడు తిన్నాడు.

"వల కప్పుదామా?" అన్నాడు తిన్నాక.

"నీ వల సందులోంచి తేనెటీగ ఏంటి, దాని పెట్టె కూడా దూరుతుంది."

మర్నాడు ఆమె కిటికీ తెరలు దించింది. ఇంట్లో ఉన్నవన్నీ. పలచని తెల్లని తెరలు, దోమ కూడా దూరనంత సన్నని నేత. వాటిని అంచుకు అంచు కలిపి కుట్టింది. సవ్వా వలల కర్రలు పాతాడు. పూత వరస మీద తెరలు దించి, అంచుల మీద సరస్సు రాళ్ళు పేర్చారు. గాలికి అవి ఉబ్బి, మళ్ళీ కుంగి, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు కదిలేవి.

"ఇక మీ ఇంట్లో ఏం వండుకున్నారో, ఎవరు ఎవర్ని తిట్టారో వీధిలోంచే చూడొచ్చన్నమాట," అంది మావ్రా.

"చూడు. చూసి నేర్చుకో."

జులైలో మొగ్గలు విచ్చాయి. తెల్లని బంతులు, ఒక్కో బంతి నిండా చిన్న చిన్న నక్షత్రాలు. తేనె వాసన, దాని కింద ఉల్లి ఘాటు. మావ్రా తేనెటీగలు వచ్చి తెరకు బయట కొట్టుకునేవి. లోపలికి దారి లేదు. తెర కింద ఏదీ ఎగరలేదు. ఉస్తీన్య మెత్తని కుంచె పట్టుకుని లోపలికి పాకి, ఒక బంతి నుంచి ఇంకో బంతికి పుప్పొడి అద్దేది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. ఎంత అద్దినా ముందు విచ్చిన పూలు వాడి రాలిపోతున్నాయి. కింద కాయ ఉబ్బడం లేదు. ఒక పువ్వుకు చాలా రోజులు ఉండవు. అన్నీ విచ్చేసి వాడిపోతే ఇక ఏమీ చేయలేరు.

ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. సవ్వా కనిపెట్టాడు. కంచె మీద కూర్చుని ఆమె తెరలోకి పాకడం, బయటికి రావడం చూస్తూ ఉన్నాడు. అతను పడవ మీద గడిపిన మనిషి. కూర్చుని చూడటం అతనికి పనే.

"దీనికి ఈగ కావాలి," అన్నాడు.

"తేనెటీగ వద్దనే కదా ఈ తెర."

"తేనెటీగ అన్నానా? ఈగ."

అతను షెడ్డులోకి వెళ్ళి ఎర డబ్బా తెచ్చాడు. గాలానికి గుచ్చే పురుగుల్ని రంపంపొట్టులో వేసి ఉంచే డబ్బా అది. ఎండల్లో దాన్ని మరిచిపోయాడు. పురుగులు గోధుమరంగు గింజల్లా గట్టిపడి, ఆ గింజలు పగిలి, మూత కింద ఈగలు గుయ్‌మంటున్నాయి.

ఉస్తీన్య ముక్కు మూసుకుంది. "పచ్చీగలా? చేపల పేగుల మీద వాలేవి! మా అమ్మ ఉల్లి మీదా?"

"మీ అమ్మ పశువుల కొట్టంలో దాన్ని బతికించింది. అక్కడ ఈగలు లేవా? ఇవి డబ్బాలో పుట్టాయి, బయట ఏ పూవూ చూడలేదు. వీటి కాళ్ళకి పట్నం ఉల్లి అంటలేదు." ఆగి, మడి కేసి చూస్తూ అన్నాడు. "నేను చెడగొట్టాను. నన్నో చెయ్యి వెయ్యనీ."

ఆమె ఒక రాయి తీసి తెర అంచు ఎత్తింది. అతను డబ్బా లోపల పెట్టి మూత లాగాడు. నీలంగా, పచ్చగా మెరుస్తూ ఈగలు లేచాయి. కాసేపు తెర మీద దిక్కు తెలియక కొట్టుకున్నాయి. తరవాత ఒకటి ఒక బంతి మీద వాలింది. చేతులు రుద్దుకుంది. నక్షత్రం మీంచి నక్షత్రం మీదికి నడిచింది. పక్క బంతి మీదికి ఎగిరింది.

భార్యాభర్తలిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, తెరకు ముఖాలు ఆనించి చూస్తుండగా మావ్రా వచ్చింది.

"ఏం చేస్తున్నార్రా?"

"ఈగలకి పెళ్ళి," అన్నాడు సవ్వా.

ఆ మాట సాయంత్రానికల్లా రేవు దాకా చేరింది. ఆ ఎండాకాలమంతా సవ్వా పడవ దిగితే చాలు, పెళ్ళివారు ఎలా ఉన్నారని అడిగేవాళ్ళు. బాగున్నారు, భోజనాలు నడుస్తున్నాయి అనేవాడు. అతను ప్రతి కొన్నాళ్ళకీ కొత్త డబ్బా పెట్టేవాడు. పది రోజులు గడిచేసరికి పూల కింద పచ్చని కాయలు ఉబ్బాయి. మూడు పలకలుగా, గట్టిగా. ఉస్తీన్య ఒకటి గోటితో చీల్చింది. లోపల పాలలాంటి తెల్లని గింజ ఉంది. ఆమె దాన్ని సవ్వా అరచేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి కొత్త పొయ్యి అరుగు మీద సగం చోటు అతనిదైంది.

ఆగస్టు చివర వానలు పట్టుకున్నాయి. కాయ మడిలోనే ఎండాలని చూస్తే కుళ్ళిపోతుంది. మొదటి కాయ పగిలి నల్లని గింజ తొంగిచూడగానే ఆమె బంతులన్నీ పొడుగు కాడలతో కోసి, పొయ్యి పైన, మేజోళ్ళుండే మేకులకే తలకిందులుగా కట్టింది. కింద దుప్పటి పరిచింది. ఇంట్లో ఎవరు తలుపు వేసినా గింజలు చిటపటా రాలేవి. సవ్వా తలుపు నెమ్మదిగా వేయడం ఆ వయసులో నేర్చుకున్నాడు.

ఆ శరత్కాలం వీధి పొడుగునా ప్రతి ఇంటి మేకుకూ ఉల్లి జడలు వేలాడాయి. ఉస్తీన్య మేకు ఖాళీ. కార్లు ఆగేవి. ఏటా వచ్చే ఒకావిడ అద్దం దించి అడిగింది.

"ఈసారి లేదా మీ ఉల్లి?"

"లేదు. వచ్చే ఏడూ ఉండదు. ఆ పైఏడు రండి."

"ఇంకెవరి దగ్గరైనా కొనమంటారా?"

"కొనండి. తింటే మీకే తెలుస్తుంది."

ఎదురింటి కంచె దగ్గర జడలు అల్లుతున్న మావ్రా అది విని, చేతిలో ఉన్న పొట్టు వీధిలోకి విసిరింది.

చలికాలం నడుమ ఉస్తీన్య చిటికెడు గింజలు తడిగుడ్డలో చుట్టి సాసరులో పెట్టి పొయ్యి అంచున ఉంచింది. కొన్ని రోజులకు గుడ్డ విప్పింది. నల్లని గింజల్లోంచి తెల్లని కొక్కేలు బయటికొచ్చాయి. కొన్ని రాలేదు. చాలా వరకు వచ్చాయి. ఆమె వాటిని చూసి, మళ్ళీ చుట్టి, పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయింది. సాసరు కిటికీలో పెట్టాక అటు వెళ్ళినప్పుడల్లా సవ్వాయే వంగి చూసేవాడు.

మే నెలలో గింజ నాటింది. గడ్డిపోచల్లాంటి మొలకలు వచ్చాయి. కలుపు తీసేటప్పుడు ఏది కలుపో ఏది ఉల్లో తెలియక మొదట్లో వాసన చూసి పీకింది. ఆ ఏడు మేకు మళ్ళీ ఖాళీయే. శరత్కాలానికి గోళీలంత గడ్డలు తేలాయి. ఒకటీ అరా తెల్లగా, ఒకటీ అరా పొడుగ్గా వచ్చాయి. వాటిని ఏరి పులుసులో వేసింది. మిగతావన్నీ రాగిరంగు పొట్టుతో, తల్లి పోలికతోనే ఉన్నాయి. మేజోళ్ళు మళ్ళీ నిండాయి. పాదం దాకానే. తొడ దాకా రాలేదు.

"ఈ చలికాలం పిల్లల కాళ్ళే," అన్నాడు సవ్వా పడుకుని పైకి చూస్తూ. ఇప్పుడతను పొయ్యి పక్క నుంచే చూస్తున్నాడు.

కానీ అది గూటి ఉల్లా, ఒంటి ఉల్లా అన్నది గోళీని చూస్తే తెలియదు. నాటి, ఇంకో వేసవి గడిచాక, తవ్వితే తెలుస్తుంది. ఆ వసంతం ఆమె మడిని ఎప్పటికన్నా ఎత్తుగా కట్టింది. ఆ వేసవిలో మడి మీద ఒక్క బాణం లేవలేదు. ఆదివారాలు ఆడవాళ్ళు కంచె దగ్గర ఆగినా ఎకసెక్కాలకు ఏమీ దొరకలేదు.

ఆగస్టులో ఆకులు వాలిపోయాయి. ఉస్తీన్య పొద్దున్నే మడి దగ్గరికి వెళ్ళి, మొదటి కుదురు పక్కన వేళ్ళు దింపింది. లోపల తడిమింది. ఒకటి. దాని పక్కన ఇంకొకటి. వేళ్ళు చుట్టూ తిరిగాయి. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. మట్టితో సహా పైకెత్తింది. గూడు. అయిదు గడ్డలు, ఒకదాన్నొకటి ఆనుకుని.

మావ్రా అప్పటికే వీధి దాటి వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఉస్తీన్య చూడలేదు.

"చూడ్డానికి ఏముంది. రుచి చూడాలి," అంది మావ్రా. ఒక గడ్డ విడదీసి, ఏప్రాన్‌కు తుడుచుకుని, పచ్చిగానే కొరికింది. నమిలింది. ముందు తీపి, తరవాత నాలుక మీద నెమ్మదిగా మంట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చింది.

"ఘాటు," అంది.

"ఘాటే వదినా."

"వాసిలీసా అత్తదే. నీ పెళ్ళికి రొట్టెలో వేసి పెట్టింది. అదే ఇది."

ఆ రోజు సాయంత్రం పెద్ద గడ్డలు జడలు అల్లి మేకుకు తగిలించారు. చిన్నవి మేజోళ్ళలో పోస్తున్నప్పుడు ఉస్తీన్య ఒక మేజోడు నిండుగా, తొడ దాకా నింపి, ముడి వేసి పక్కన పెట్టింది. అది భుజాన వేసుకుని వీధి దాటింది. మావ్రా గుమ్మంలో కూర్చుని చేపలకు పొలుసు తీస్తోంది.

"ఇదిగో. ఇక రెండిళ్ళలో ఉండాలి ఇది. ఒక్కచోట ఉంచడం నా పొగరు."

మావ్రా చేతులు తుడుచుకుని మేజోడు అందుకుంది. బరువు చూసింది.

"పొయ్యి పైనే కట్టు," అంది ఉస్తీన్య. "నీది ఇనప పొయ్యి. తెల్లవారుజామున లేచి ఒక కట్టె వెయ్యాలి. నేలమాళిగ చలి తగలనిచ్చావంటే..."

"తెలుసులే. మా ఇంట్లో ఏం భయం లేదు," అంది మావ్రా, వీధికి అవతల కంచె మీద కూర్చుని ఇటే చూస్తున్న తమ్ముడికి కూడా వినపడేటట్టు. "జాగ్రత్తగా చూసుకునే మగాడు లేడిక్కడ."